సరిగ్గా ముక్కలేదట

రెండోసారి నెల తప్పానని ఇంట్లో తెలిసిన వారానికి, నా కూతురు పెరుగన్నం తింటూ నాకో సలహా ఇచ్చింది.

"అమ్మా, ఈసారన్నా సరిగ్గా ముక్కు."

దానికప్పుడు నాలుగేళ్ళు. ఎడంచేత్తో తింటుంది. కుడిచెయ్యి భుజం దగ్గర్నుంచి పైకి లేవదు. వేళ్ళు కదులుతాయి, మోచెయ్యి కాస్త వంగుతుంది, అంతే. పుట్టేటప్పుడు మెడ దగ్గర నరాలు సాగిపోయాయి. ముక్కడం మాట నీకెవరు చెప్పారని అడిగాను. అమ్మమ్మట. ఊరికెళ్ళినప్పుడల్లా ఆ చేతికి నూనె రాసి మర్దన చేస్తూ చెప్పేదట, మీ అమ్మ ఆ రోజు సరిగ్గా ముక్కలేదమ్మా, అందుకే నీకిట్టా అయింది అని. పిల్ల నా మీద కోపంతో అనలేదు. పుట్టబోయే చెల్లికో తమ్ముడికో అలా కాకూడదని జాగ్రత్త చెప్పింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో ఉన్న గరిటెని గోడకేసి కొట్టాను. పప్పుచారు సున్నం మీద నుంచి కిందికి కారింది. పిల్ల బెదిరి ఏడ్చింది. నాలుగేళ్ళ పిల్ల ముందు గరిటెలు విసిరే తల్లిని నేనేనా అనుకుని నేనూ ఏడ్చాను.

ఆ సాయంత్రం మా ఆయనతో చెప్పాను, పురుడు పాత ఆస్పత్రిలోనే పోసుకుంటానని. నాకు మతి పోయిందనుకున్నాడు. ఆ ఆస్పత్రి ఉన్న వీధిలోంచి బండి పోనివ్వనని నాలుగేళ్ళు చుట్టు తిప్పించినదాన్ని నేను. ఆయన అప్పటికే వేరే చోట విచారించి పెట్టాడు. కానీ నా పొట్ట మీదెక్కి నొక్కినవాళ్ళూ, నా బిడ్డని పట్టి లాగినవాళ్ళూ అక్కడున్నారు. వేరే చోటికి పోతే వాళ్ళని ఎలా అడుగుతాను? నాకు కావలసింది ఒక్కటే. నా కూతురి చెయ్యి నా వల్ల పోలేదని లాగినవాళ్ళ నోటితోనే, మా అమ్మ వినేట్టు చెప్పించాలి. నిజం చెప్పాలంటే, నా వల్లే పోయిందేమోనన్న అనుమానం నాకూ ఉంది. అలాగైతే అదీ తెలియాలి.

మా వైపు మొదటి కాన్పు పుట్టింటివాళ్ళది. మా వాళ్ళది కొల్లేరు పక్క ఊరు, చేపల వ్యాపారం. ఏడో నెలలో సారె పెట్టి తీసుకెళ్ళి, మా అమ్మ నన్ను కాలు కింద పెట్టనివ్వలేదు. నొప్పులు రాగానే విజయవాడ బయల్దేరదీసింది. హనుమాన్ జంక్షన్‌లో లారీల మధ్య కారు ఇరుక్కుపోయినప్పుడు ఉమ్మనీరు పోయింది. మా అమ్మ కిటికీలోంచి సగం బయటికి వంగి లారీ డ్రైవర్ల తాతముత్తాతలందర్నీ తలుచుకుంది. అప్పటికి నాకు భయం లేదు. మా అమ్మ పక్కనుంటే నాకెప్పుడూ భయం ఉండేది కాదు.

పైగా నేను చదువుకున్నదాన్ని. ఫోన్లో వీడియోలు చూసి తయారై ఉన్నాను. వాటిలో ఒకావిడ చాలా మెత్తగా చెప్పేది, ముక్కుతో గాలి పీల్చండి, నోటితో వదలండి అని. నెల రోజులు పొద్దున్నే చాప వేసుకుని సాధన చేశాను. ఇక బిడ్డ దానంతటదే జారి వస్తుందని నా నమ్మకం.

లేబర్ రూములో ఒక ఇనుప బల్ల. నా చీర తీసేసి, కాళ్ళు రెండు వైపులా ఎత్తి పట్టీలు బిగించారు. ఎన్ని గంటలు గడిచాయో తెలియదు. నొప్పికి కళ్ళు బైర్లు కమ్ముతున్నప్పుడు అక్కడ పనిచేసే ఆయమ్మ నా తల దగ్గరికొచ్చి మొదలుపెట్టింది.

"ముక్కమ్మా. ముక్కు, ముక్కు."

నేను నోరు గట్టిగా మూసి ముక్కుతో గాలి పీల్చాను. ఎంత పీల్చానంటే పక్కటెముకలు విచ్చుకున్నాయి. ఆవిడ మళ్ళీ ముక్కు అంది. నేను మళ్ళీ పీల్చాను. 'ముక్కీ మూలిగీ' అన్న మాట నాకు తెలియక కాదు. కానీ అది మా నాయనమ్మ మంచం మీంచి లేచేటప్పుడు అనే మాట. ఇరవయ్యారేళ్ళదాన్ని బల్ల మీద పడుకోబెట్టి ముక్కు అంటే, మొహం మీదున్న ముక్కే అనుకున్నాను. ఆయమ్మ నా తొడ మీద ఫెడీమని ఒక్కటి చరిచింది.

"ముక్కమంటే బుసలు కొడతావేంటే?"

ముక్కుతోనే కదండీ అన్నాను. అక్కడున్న ఇద్దరు నర్సులు పకపకా నవ్వారు. ఆయమ్మ నవ్వలేదు. నేను ఎకసెక్కాలాడుతున్నానని అనుకున్నట్టుంది. రెండో తొడ మీద చరిచింది, తర్వాత మళ్ళీ మొదటిదాని మీద. విరోచనం రానప్పుడు కింద ముక్కినట్టు ముక్కాలమ్మా అని ఒక్క ముక్క ఎవరైనా చెప్పి ఉంటే సరిపోయేది. ఎవరూ చెప్పలేదు. దెబ్బ పడ్డప్పుడల్లా నేను ఇంకా గట్టిగా ఊపిరి బిగపట్టాను.

కోఆపరేట్ చెయ్యట్లేదు, తల్లిని పిలవండి అన్నారు. మా అమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని లోపలికొచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. ఆవిడ వచ్చి నా ఎడమకాలు పట్టుకుంది. బతికున్న కొరమీనుని జారిపోనివ్వని చెయ్యి అది. ముప్ఫై ఏళ్ళు చేపలు పట్టి పట్టి గట్టిపడింది. ఆ చేత్తోనే నా చెంప మీద కొట్టింది.

"బిడ్డని చంపుకుంటావటే? చెప్పినట్టు చెయ్యి."

ఏడుస్తూ కొట్టింది. ఒకసారి కాదు. నా చిన్నతనంలో ఎప్పుడూ నా మీద చెయ్యి చేసుకోని మనిషి. ఈలోగా ఆయమ్మ స్టూలెక్కి, రెండు ముంజేతులూ నా పొట్ట పైన ఆనించి, ఒంటి బరువంతా వేసి కిందికి తోసింది. లోపల ఏదో కలుక్కుమంది. కింద కొత్తగుడ్డ కత్తిరించిన చప్పుడైంది. ఆ గుడ్డ నేనేనని తెలియడానికి క్షణం పట్టింది. తల వచ్చింది అన్నారు. అంతే, అక్కడ ఆగిపోయింది. పెద్ద మేడంని పిలవండని ఎవరో పరిగెత్తారు. మేడం వచ్చి గ్లౌజులు తొడుక్కుంటూనే లాగడం మొదలుపెట్టింది. పైనుంచి ఆయమ్మ తోపు, కింద నుంచి మేడం లాగుడు. పట్టీ తెగి నా కాలు ఒక నర్సు కడుపులో తగిలింది. అందిన మా అమ్మ ముంజేతిని నేను కరిచాను. నోట్లోకి రక్తం వచ్చేదాకా వదల్లేదు. ఆ పళ్ళ గాటు ఇప్పటికీ ఆమె చేతి మీద ఉంది.

బిడ్డ నేరేడుపండు రంగులో పుట్టింది. ఏడవలేదు. కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీసి కొట్టాక ఏడ్చింది. పుట్టగానే దానికీ దెబ్బలే. మూడు రోజులు అద్దాల గదిలో ఉంచి నా చేతికిచ్చారు. గుడ్డ విప్పి చూస్తే కుడిచెయ్యి పక్కన వేలాడుతోంది.

పుట్టింటి పురుట్లో బిడ్డకి చెయ్యి పోతే మాట పడేది పుట్టింటివాళ్ళు. మా అత్తగారు నోరు తెరవకముందే మా అమ్మ అందరికీ చెప్పుకొచ్చింది, ఆస్పత్రి మంచిదే, డాక్టరమ్మ మంచిదే, మా అమ్మాయే సరిగ్గా ముక్కలేదండీ అని. బారసాలలో చెప్పింది. ఫోన్లలో చెప్పింది. మాట తన మీద పడకుండా నా మీదకి తోసి చేతులు దులుపుకుంది. నేను నోరెత్తలేదు. ముక్కుతో గాలి పీల్చుకుంటూ పడుకున్నదాన్ని, ఏ మొహం పెట్టుకుని కాదంటాను?

నేను బెంజ్ సర్కిల్ దగ్గర ఒక బీమా ఆఫీసులో ఆస్పత్రి క్లెయిములు చూస్తాను. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కేస్ షీట్లు చదవడమే నా పని. మా దగ్గర కేస్ షీట్లో ఏం రాస్తే అదే జరిగినట్టు. ఏడుస్తూ ఫోన్ చేసేవాళ్ళకి, కాగితం మీద అలా లేదండీ అని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అలాంటిదాన్ని నాలుగేళ్ళు నా కేస్ షీట్ అడగలేదు. ఎనిమిదో నెల చెకప్‌కి వెళ్ళినప్పుడు అడిగి తీయించాను. ఒకే పేజీ. 'పేషెంట్ నాట్ కోఆపరేటివ్.' బిడ్డని లాగిన మాట లేదు. పొట్ట మీద నొక్కిన మాట లేదు. చెయ్యి గురించి పుట్టిన బిడ్డ కాగితాల్లో ఒక చిన్న ముక్క ఉంది, కారణం రాయలేదు. వేరే ఎవరిదైనా క్లెయిమ్ అయితే ఆ లైను చూసి, తల్లి చేసుకున్నదే అని నేనే తీర్పు చెప్పేదాన్ని.

పెద్ద మేడంని అడిగాను. ఇప్పుడవన్నీ ఎందుకమ్మా, ఈసారి నొప్పులే లేకుండా ఆపరేషన్ చేసేద్దాం, హాయిగా ఉండండి అని తర్వాతి పేషెంటుని పిలిచింది.

ఆపరేషన్ రోజు పొద్దున్నే చేరాను. రెండో కాన్పు అత్తింటివాళ్ళది. అయినా, పెద్దదాన్ని చూసుకోవడానికని మా అమ్మని రమ్మన్నాను. అసలు కారణం ఆమెకు చెప్పలేదు. ఆమెనీ పిల్లనీ బయట వరండాలో కూర్చోబెట్టి, నన్ను లోపల మంచం మీద పడుకోబెట్టి, గౌను తొడిగి, చేతికి సూది గుచ్చి సెలైన్ పెట్టారు. పక్క గదే లేబర్ రూము. మధ్యలో సగం తలుపు. దాని అవతల ఒక అమ్మాయి అరుస్తోంది. వింటూ పడుకున్నాను. తర్వాత ఆ చప్పుడు వినబడింది. తొడ మీద అరచెయ్యి. ఇంకోసారి. "ముక్కవే."

నేను లేవాలని అనుకోలేదు. లేచి ఉన్నాను. సెలైన్ గొట్టం తెగలాగేసుకుని తొమ్మిది నెలల పొట్టతో ఆ తలుపు తోసుకుని వెళ్ళాను. అదే ఆయమ్మ. జుట్టు నెరిసింది, బొట్టు కాస్త చిన్నదైంది. చెయ్యి మళ్ళీ లేపింది. అది దిగేలోపు ఆమె చెంప ఛెళ్ళుమనిపించాను. నా అరచెయ్యి భగ్గుమంది. ఇంకొకటి వేశాను. సూది ఊడిన చోటు నుంచి రక్తం మోచేతి దాకా కారుతోంది. ఆ రక్తమే ఆవిడ చెంపకీ అంటింది. నాలుగేళ్ళుగా నిద్రలో ఆ దెబ్బ ఎన్నోసార్లు వేశాను. మెలకువలో వేస్తే ఎంత బాగుందో చెప్పడానికి ఇప్పుడు కొంచెం సిగ్గుగా ఉంది, కానీ బాగుంది.

ఆవిడ తిరిగి కొట్టలేదు. చెంప పట్టుకుని నన్ను పైకీ కిందికీ చూసింది.

"నువ్వూ ఈ బల్ల మీద పడుకున్నదానివేనా అమ్మా?"

అవునన్నాను. ఎప్పుడని అడగలేదు. మేడం వచ్చేలోపు ఎట్టాగైనా బిడ్డని బయటికి తెమ్మంటారమ్మా, రాకపోతే నన్నంటారు, వచ్చినాక అది మేడం చేసిన కాన్పు అంది. ఇద్దరు నర్సులు నన్ను రెక్కలు పట్టి బయటికి ఈడ్చారు. బల్ల మీది అమ్మాయికి ఇరవై ఉంటాయేమో, కళ్ళు పెద్దవి చేసి నన్నే చూస్తోంది. తలుపు దగ్గర్నుంచి అరిచి చెప్పాను, విరోచనం రానప్పుడు ముక్కినట్టు కింద ముక్కు, మొహంలో కాదు అని. నర్సులు నాకు పిచ్చెక్కిందనుకున్నారు. కాసేపటికి అవతల పసిబిడ్డ ఏడుపు వినబడింది.

నా బీపీ చూసి కంగారుపడ్డారు. పెద్ద మేడం సమ్మతి కాగితం పట్టుకుని తనే వచ్చింది. వెనకాలే చెంపకి గుడ్డ అద్దుకుంటూ ఆయమ్మ. ఇలాగైతే ఎలాగండీ, వెంటనే థియేటర్లోకి తీసుకెళ్ళాలి, కాస్త కోఆపరేట్ చెయ్యండి అంది మేడం. పెన్ను నా చేతిలో పెట్టింది.

"చెయ్యనండీ. పోయినసారి చెయ్యలేదని రాశారుగా. ఈసారి నిజంగానే చెయ్యను. మా అమ్మ వరండాలో ఉంది, పిలిపించండి. ఆ రోజు ఏం జరిగిందో ఆవిడతో చెప్పండి. అప్పుడు సంతకం పెడతాను."

బీపీ ఇంత ఉంటే లోపల బిడ్డకి ప్రమాదం అంది. నాకు తెలుసు. ఇలాంటివి రోజూ చదువుతాను. మా ఆయన గుమ్మంలో నిలబడి దణ్ణం పెడుతున్నాడు, సంతకం పెట్టమని. పొట్టలోది తన్నింది. ఇప్పుడు పదినెలలది, నేనిది రాస్తుంటే నా చెప్పు నోట్లో పెట్టుకోబోతోంది. ఆ రోజు ఒక కూతురి కోసం ఇంకో కూతుర్ని పందెం కాశాను. అంత భయం నాకు ఆ ఇనుప బల్ల మీద కూడా వెయ్యలేదు. అయినా పెన్ను మూత తియ్యలేదు.

మేడం గోడ గడియారం చూసింది. మా అమ్మని పిలవమంది.

మా అమ్మ పిల్లని చంకనేసుకుని వచ్చింది. నా చేతి మీద రక్తం చూసి, ఆయమ్మ చెంప చూసి, ఎవరిని తిట్టాలో తెలియక ఆగింది. మేడం ముక్తసరిగా చెప్పింది.

"ఆ రోజు పాప తల వచ్చాక భుజం లోపల తల్లి ఎముక వెనక ఇరుక్కుందమ్మా. మీ అమ్మాయి ఎంత ముక్కినా అది రాదు. పైనుంచి నొక్కకూడదు, నొక్కారు. ఇంకా బిగుసుకుంది. టైము లేక నేను లాగాను. అప్పుడే నరాలు సాగినయ్."

మరి మా పిల్ల ముక్కలేదని మీ వాళ్ళేగా నాకు చెప్పింది అంది మా అమ్మ. అలా అంటుంటారమ్మా అంది మేడం. చేతిలోని కాగితం వైపు చూసి, అలా రాస్తుంటాం అంది.

మా అమ్మ పిల్లని కిందికి దింపింది. నా వైపు వచ్చింది. మంచం పట్టుకుని నిలబడి చెంపలేసుకోవడం మొదలుపెట్టింది. గుళ్ళో దేవుడి ముందు వేళ్ళతో తాకించుకునే రకం కాదు. చేపల చేత్తో, ఛెళ్ళు ఛెళ్ళుమని, ఈ చెంపా ఆ చెంపా. "తప్పయిందే. నాది తప్పయింది. నిన్ను కొట్టా, నా చేత్తో కొట్టా." బొట్టు చెరిగిపోయింది, ముక్కుపుడక పక్కకి ఒరిగింది. నేను ఆపలేదు. ఆపాలని కూడా అనిపించలేదు. ఒక్కో దెబ్బకీ నా కడుపు చల్లబడుతోంది. ఇంకా కొట్టుకోనీ అనుకున్నాను.

అప్పుడు పక్కన ఇంకో చప్పుడు వినబడింది, చిన్నది. నా కూతురు అమ్మమ్మని చూసి, ఇక్కడ అందరూ దణ్ణం పెట్టుకోవాలేమో అనుకున్నట్టుంది. ఎడంచేత్తో ఎడమ చెంప మీద కొట్టుకుంది. రెండో చెంపకి కుడిచెయ్యి లేవదు కదా. ఆ చేతిని ఎడంచేత్తో మణికట్టు దగ్గర పట్టుకుని, పైకెత్తి, దాంతో కుడి చెంప మీద కొట్టుకుంది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ కొట్టుకుంది. "తప్పు, తప్పు" అంటోంది. ఆ చెయ్యి లాగిన డాక్టరు తన చేతులు తెల్లకోటు జేబుల్లో పెట్టుకుని చూస్తోంది.

మా అమ్మ ఆగిపోయింది. పిల్ల ఆగలేదు. నా వైపు తిరిగింది.

"అమ్మా, నువ్వూ వేసుకో."

నేను మంచం దిగి, పొట్ట అడ్డం వస్తున్నా మోకాళ్ళ మీద కూర్చుని, దాని రెండు చేతులూ పట్టుకున్నాను. అది విడిపించుకోబోయింది. వదల్లేదు. డాక్టరుతో చెప్పించాలని నాలుగేళ్ళు ఎదురుచూసిన మాట, అంతవరకూ నా నోటితో ఒక్కసారి కూడా దానికి చెప్పలేదని అప్పుడు తట్టింది.

"నేను వేసుకోనమ్మా. నేనేం తప్పు చెయ్యలేదు. నువ్వూ చెయ్యలేదు."

పిల్ల నా మొహంలోకి చూసి, తర్వాత నా భుజం మీదుగా ఆయమ్మ వైపు చూసింది.

"మరి ఆవిణ్ణి ఎవరు కొట్టారు?"